సరోజక్క ఇంటి కరువు భత్యం

మొన్న సాయంత్రం బెంగళూరు బొమ్మనహళ్ళిలో బస్సు దిగి, బన్నుల వేడి వాసన రోడ్డు మీదకు కొడుతున్న బేకరీ ముందు టీ కోసం నిలబడ్డాను. గోడకున్న టీవీలో కేంద్ర ఉద్యోగులకూ పెన్షనుదారులకూ కరువు భత్యం పెంచారని వార్త వస్తోంది. పక్కన టీ తాగుతున్న మనిషి టీవీ వైపు గడ్డం ఎగరేసి, "కూర్చున్నచోటికే డబ్బులు. వీళ్ళకేం కష్టం ఉండాదప్పా?" అన్నాడు. నేను టీ గ్లాసు సగంలోనే బల్ల మీద పెట్టేశాను. ఆ వార్త వచ్చినప్పుడల్లా సరోజక్క ముఖం ఎలా మారేదో నాకు తెలుసు. కూర్చున్నచోటి నుంచి లేవలేని మనిషితో ఆమె ఎంత కాలం కాపురం చేసిందో కూడా తెలుసు.

నేను మడకశిర పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి గార్మెంట్స్‌లో కుట్టుపనికి చేరినప్పుడు మా లైనుకు సూపర్‌వైజరు సరోజక్కే. నేను బాడుగకు దిగిన వఠారంలో చివరి ఇల్లు ఆమెది. భర్త నాగరాజన్న సైన్యంలో డ్రైవరు. సరిహద్దు దగ్గర కొండదారిలో డ్యూటీ మీద పోతుండగా లారీ లోయలో పడి ఆయన వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. సైన్యం పెన్షను ఇచ్చి ఇంటికి పంపేసింది. మూత్రానికి ఎప్పుడూ గొట్టమే. పిల్లలు లేరు. అక్క పొద్దున్నే ఆయనకు ఒళ్ళు తుడిచి, వీపు పుళ్ళు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి పనికి వచ్చేది. మధ్యాహ్నం మేమంతా డబ్బాలు విప్పుకుంటుంటే ఆమె ఇంటికి పరుగెత్తేది, మళ్ళీ ఆయన్ను తిప్పడానికి. ఆ చాకిరీ గురించి ఆమె విసుక్కోగా నేనెన్నడూ వినలేదు. ఆమె కోపమంతా వేరే చోట ఉండేది.

భత్యం పెరిగిందని పేపర్లో పడితే చాలు, ఇంటి ఓనరు ఆ పేపరు చేతిలో పట్టుకునే వచ్చేవాడు.

"సార్‌కు డీఏ జాస్తి అయిందంట కదమ్మా. మా బాడుగ కూడా కొంచెం చూడల్ల" అన్నాడు ఒకసారి.

"పేపర్లో పడింది. మా చేతికి ఇంకా రాలేదప్పా."

"వస్తాది కదా, యాడికి పోతాది!"

"గొట్టం రేటు పెరిగినాది. దూది రేటు పెరిగినాది. వచ్చేది వాటికే చాలదు. నీ ఇల్లేం పెరిగినాది? గది పెరిగినాదా, గోడ పెరిగినాదా?"

లోపల మంచం మీంచి నాగరాజన్న, "ఇచ్చేయ్ సరోజా, గలాటా ఎందుకు?" అన్నాడు. అక్క ఇచ్చింది. కానీ ఓనరును లోపలికి రమ్మనలేదు, గడప బయటే నిలబెట్టి ఇచ్చింది. ఓనరు వెళ్ళాక నాతో, "ఇచ్చేది తప్పదు భాగ్యా. అయితే నవ్వుతా ఇస్తే మన దగ్గర ఇంకా మిగిలి ఉండాదనుకుంటారు" అంది.

మా ఫ్యాక్టరీలోనూ అదే కథ. కూలిలో డీఏ పెంచామని మేనేజరు మైకులో చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆ వారంలోనే గంటకు కుట్టాల్సిన పీసులూ పెంచాడు. సరోజక్క బోర్డు మీద కొత్త టార్గెట్ రాయలేదు. "కూలి పెంచింది బియ్యం రేటు చూసి కదా సార్. పీసులు ఏం చూసి పెంచుతారు?" అని అందరి ముందే అడిగింది. ఆమెను దారాలు కత్తిరించే టేబులుకు పంపి, ఆమె కుర్చీ నాకిచ్చారు. నేను వద్దంటే అక్కే కసిరింది. "కూర్చో. నువ్వు కాదంటే ఇంకో నోరు లేనిదాన్ని తెచ్చి పెడతారు."

కొన్నేళ్ళకు నాగరాజన్నకు జ్వరం పట్టుకుంది. గొట్టం వల్ల చీము మూత్రపిండాలకు పాకింది. ఆసుపత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. అంత్యక్రియలకు సైనికులు వచ్చి పూలగుచ్ఛం పెట్టి సెల్యూట్ చేశారు. ఓనరు కూడా దండ తెచ్చి వరుసలో నిలబడ్డాడు. తర్వాత పెన్షను సంగతి తేల్చుకోవడానికి అక్కకు తోడుగా నేను ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే, కుర్చీ చూపించి మాట్లాడాడు.

"అమ్మా, డ్యూటీలో దెబ్బ తగిలింది వెన్నెముకకు. ఆయన పోయింది కిడ్నీ జబ్బుతో. రెండింటికీ సంబంధం లేదని డాక్టర్లు రాశారు. డ్యూటీ వల్ల పోయినవాళ్ళ ఇంటికిచ్చే పెద్ద పెన్షను రాదు, మీకు మామూలు కుటుంబ పెన్షనే వస్తుంది."

"గొట్టం ఎందుకు పెట్టినారు సార్? వెన్ను విరిగినాదనే కదా? దాన్ని ఇన్నేళ్ళు మార్చింది ఈ చేతులే. సంబంధం లేదని నాకు చెప్తారా?"

"బాధపడకండమ్మా. దీని మీద కూడా కరువు భత్యం పెరుగుతూనే ఉంటుంది."

అక్క ఆయన వైపే చూస్తూ, "సగానికి పైగా కోసేసి, మిగిలినదాన్ని పెంచుతామంటారు. దానికి పెంచడమని పేరా సార్?" అంది. ఆయన తర్వాతి వాళ్ళను పిలిచాడు.

ఆమె అప్పీలు చేసింది. కొట్టేశారు. మళ్ళీ చేసింది. పెన్షను తగ్గినప్పుడు బాడుగ తగ్గలేదు. పైగా భత్యం పెరిగిన వార్త టీవీలో రాగానే ఓనరు మళ్ళీ వచ్చాడు. ఆ నెలలోనే అక్క ఇల్లు ఖాళీ చేసి దొడ్డబళ్ళాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

చూడ్డానికి వెళ్తే, మరమగ్గాల మోతలో కూర్చుని కండెలకు నూలు చుడుతూ కనిపించింది. చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాల్సి వచ్చింది. "డబ్బు పోతే పోయింది, అన్నను చంపింది డ్యూటీయేనని ఒప్పుకుంటే చాలు కదక్కా" అన్నాను, ఓదారుస్తున్నాననుకుని. ఆమె చేతిలో కండె ఆగిపోయింది.

"ఎందుకు చాలు? ఒప్పుకోమను, డబ్బూ ఇమ్మను. రెండూ నావే."

ఏదీ రాలేదు. రెండో అప్పీలు వాయిదాల్లో ఉండగానే ఆమె పోయింది. పుచ్చుకునే వారసులు లేరని కేసు మూసేశారని చెల్లెలు ఫోనులో చెప్పింది.

వఠారంలో ఇప్పటికీ ఆమె ప్రస్తావన వస్తే భూదేవంత ఓర్పు గల ఇల్లాలంటారు. నాకు ఆమె ఇచ్చిపోయింది ఓర్పు కాదు. నాకు రావలసినదాన్నే ఎవరైనా దయతలచి ఇస్తున్నట్టు చేతిలో పెడితే, వాళ్ళకు దండం పెట్టబుద్ధి కాదు. లైనులో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను రాతిమనిషని చాటుగా అనుకుంటారట. అననీ.