మావయ్యగారి చెరకు మిషనూ, నా కుడి భుజమూ

టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకున్నానేటని నవ్వకండి. కుడి చెయ్యి పైకి లేవట్లేదు. ఆదివారం నుంచీ ఇంతే. చొక్కా మా ఆవిడే తొడుగుతోంది, తొడుగుతూ నవ్వుతోంది. ఎవర్నీ అనడానికి లేదు, చేజేతులా తెచ్చుకున్నదే!

మా బావమరిది రమణకి నాతవరం సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది. ఆదివారం ఆడపెళ్ళివారు ఇల్లు చూసుకోడానికి వత్తామన్నారు. ఇరవై మంది! మా మావయ్యగారిది అనకాపల్లి పక్కనే చెరకు సేద్యం. "కూల్‌డ్రింకులేటి, మన సెరుకు రసమే పోద్దాం" అన్నారాయన. షెడ్డులో పాత జ్యూస్ మిషను ఒకటుంది. మోటారుకి చిన్న గేరు, రోలర్లకి పెద్ద గేరు. మోటారు నాలుగుసార్లు తిరిగితే రోలరు ఒక్కసారి తిరుగుతాది.

చూసేను. ఒక్క గ్లాసుకి ఎంతసేపో! "ఇలాగైతే వాళ్ళు తిరిగి నాతవరం వెళ్ళిపోయినా రసం రాదు మావయ్యా" అన్నాను.

"నిదానంగా తిరిగితేనే సెరుకు నలుగుతాది అల్లుడుగోరూ!"

వింటానా? ట్యూషన్లో పదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. గేర్ల పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. స్పానర్ తీసేను. గేర్లు తొడిగే రెండు రాడ్లూ ఒకే సైజు. పెద్ద గేరు మోటారుకి, చిన్న గేరు రోలరుకి. అటుది ఇటు, ఇటుది అటు, అంతే!

స్విచ్ వేసేను. అబ్బో, రోలర్లు గిర్రున తిరిగేయి! రమణ "అదిరింది బావా!" అన్నాడు. ఉత్తి మిషను తిరిగితే గొప్పేటి? ఒక్క చెరకు ముక్కైనా పెట్టి చూడొద్దా? తట్టలేదు.

చుట్టాలు వేన్లు దిగేరు. వాకిట్లో కుర్చీలు వేసి, అందరి ముందూ నేనే చెరకు గడ పెట్టేను. టక్! రోలర్లు ఆగిపోయేయి. మోటారు ఊఁ... అని మూలిగింది. గడ ఇంకాస్త తోసేను. పొగ! మావయ్య పరిగెత్తుకొచ్చి స్విచ్ కట్టేసేరు. ఆయన మొహం చూడలేకపోయేను. ఒక్కగానొక్క కొడుకు సంబంధం, వచ్చినవాళ్ళ నోట్లో చుక్క పడలేదు, ఇల్లంతా కాలిన కంపు.

అప్పుడు పిల్ల అక్క లేచి వచ్చింది. చూద్దును కదా, నా పాత స్టూడెంటు!

"సార్, స్పీడు పెరిగితే తిప్పే బలం తగ్గిపోతాదని మీరే చెప్పేరు కదా? అది రాయలేదనే నాకు రెండు మార్కులు కోసేసేరు!"

తల దించుకుని స్పానర్ అందుకున్నాను.

గేర్లు మళ్ళీ ఎప్పట్లాగే బిగించేను. మోటారు ఎలాగూ పోయింది, చిన్న గేరు రాడ్డుకి హ్యాండిల్ తగిలించేం. తిప్పేదెవరు? పెళ్ళికొడుకేమో ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. మావయ్యకి నడుం నొప్పి. అందరూ నా వంకే చూసేరు. తిప్పేను.

"తేలిగ్గా ఉందా సార్?" అంది ఆ అమ్మాయి.

తేలిగ్గానే ఉందమ్మా, కానీ అవ్వదే! నాలుగు తిప్పులకి రోలరు ఒక్క చుట్టు. ఇరవై గ్లాసులు! మారు అడిగినవాళ్ళకి ఇంకో పది! నా చొక్కా పిండితే ఇంకో గ్లాసు వచ్చేది.

పిల్ల తండ్రి రెండో గ్లాసు తాగి మూతి తుడుచుకున్నాడు. సంబంధం చెడగొట్టేనేమోనని హ్యాండిల్ వదలకుండా ఆయన మొహం వంకే చూసేను.

"అల్లుడే ఇంత పని సేత్తన్న ఇంట్లో మా పిల్లకి సాకిరీ ఏటుంటాది? తాంబూలాలు మార్సేసుకుందాం!" అన్నాడాయన.

హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మావయ్యగారికైతే సంతోషం పట్టలేదు. "పెళ్ళిక్కూడా మన సెరుకు రసమే బావగోరూ! మోటారెందుకు, మా అల్లుడుగోరున్నారు కదా!" అనేసేరు.

రెండొందల మంది వత్తారంట. ఈసారి గేర్లు ముట్టుకోనని మా ఆవిడ తన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టమంది. పెడదును గానీ, ముందు చెయ్యి లేవాలి కదా!