ఆరున్నర బస్సు

పక్క సీటు కుర్రాడు వేసిన ఈల చెవిలో గింగురుమంది. గుంటూరులో ఆ పాత ప్రేమ సినిమా మళ్లీ వేశారంటే ఆదివారం పొద్దున ఒక్కణ్ణే వెళ్లాను. పెళ్లి వయసు ఎప్పుడో దాటింది, తోడు రమ్మని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. తెర మీద హీరో, కాలేజీ పిల్ల ఎక్కిన బస్సు వెనకాలే మోటారు సైకిలు నడుపుతున్నాడు. హాలంతా నవ్వులు. ఇరవై ఏళ్ల క్రితం ఇదే హాల్లో నేనూ ఈల వేసినవాణ్ణే. ఈసారి మాత్రం మా రూతమ్మ టీచర్ గుర్తొచ్చారు.

ప్రత్తిపాడులో ఆవిడది మా పక్కిల్లు. పెళ్లి చేసుకోలేదు. ఊరి బళ్లో చిన్న తరగతులకు చెప్పేవారు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. డిగ్రీలో ఉండగా ఆ సినిమా నాలుగుసార్లు చూసి నాకు పిచ్చి ముదిరింది. మా వీధి చివర ఉండే రమ ఎనిమిదిన్నర బస్సులో గుంటూరు కాలేజీకి వెళ్లేది. నేను రోజూ బండి మీద ఆ బస్సు వెంటే వెళ్లేవాణ్ణి. పలకరించింది లేదు, ఉత్తరం ఇచ్చింది లేదు. ఎప్పటికైనా కిటికీలోంచి నవ్వకపోతుందా అని ఆశ. సినిమాలో ఆ పిల్ల నవ్వింది మరి. ఎంత వెర్రివెధవనో. ఉన్నట్టుండి రమ ఆ బస్సులో కనబడటం మానేసింది.

ఆ వారమే ఓ సాయంత్రం టీచర్ వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ నన్ను పిలిచారు. నా ముందూ నాలుగు గుప్పెళ్లు పోశారు.

"రమ ఎందుకు కనబట్టం లేదో తెలుసా?"

"తెలీదు టీచర్."

"నీ మూలాన ఆరున్నర బస్సుకి పోతందిరా. కాలేజీ తీసేదాకా గేటు దగ్గర నిలబడి ఉంటంది. వాళ్ల నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడని ఇంట్లో చెప్పలేదు. నా దగ్గరకొచ్చి ఏడ్చింది."

"నేనేం చేశాను? ఒక్క మాటన్నా అన్లేదే."

"అంటే వద్దని చెప్పేది. ఏమీ అనకుండా వెంటబడేవాడికి ఏమని చెబుద్దిరా?"

వేళ్లు మండుతున్నాయి, కళ్లు తుడుచుకునే వీల్లేదు. అమ్మకు చెబుతారేమోనని హడలిపోయాను. చెప్పలేదు. మర్నాటి నుంచి బండి ఇంట్లోనే పెట్టి, మొదటి క్లాసు పోయినా సరేనని పది గంటల బస్సులో వెళ్లాను. చెప్పగానే మానేశాను, నేనెంత బుద్ధిమంతుణ్ణో అని చాలా ఏళ్లు లోలోపల మురిసిపోయాను కూడా.

కిందటేడు టీచర్ పోయారు. భూస్థాపనకు రమ వచ్చింది. ఇప్పుడు లెక్చరరట. నన్ను గుర్తుపట్టి మర్యాదగానే మాట్లాడింది.

"ఆవిడ లేకపోతే నా డిగ్రీ అయ్యేది కాదండి. ఏడాది పైనే, రోజూ నాతో ఆరున్నర బస్సెక్కి కాలేజీ దాకా దిగబెట్టి, బడి టైముకి తిరిగొచ్చేవారు."

"నేను మర్నాడే మానేశాను కదండీ" అన్నాను.

"టీచర్ గారు చెప్పారు. అయినా వెనకమాల బండి చప్పుడైతే ఆవిడ చెయ్యి పట్టేసుకునేదాన్ని."

తప్పయిపోయిందని ఆమెకు అక్కడే చెప్పాను. ఆమె తలూపింది. ఆ ఏడాదంతా టీచర్ పొద్దున్నే నేను భయపెట్టిన పిల్లకు తోడు వెళ్లి, సాయంత్రం గోడ మీదుగా నాకు కూర గిన్నె అందించేవారు. ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. ఆవిడకూ చెప్పుకుందామంటే పక్కింటికి తాళం. ఇప్పటికీ దారిలో ఆడపిల్ల ఒక్కతే ముందు నడుస్తుంటే నేను బండి ఆపేస్తాను. ఆమె దూరం వెళ్లిపోయాకే మళ్లీ స్టార్ట్ చేస్తాను.