మామయ్య మూసేసిన గొట్టం

మామయ్య పోయాడని మంగళవారం పొద్దున అత్తయ్య ఫోన్ చేసింది. "గట్టు మీద కూర్చున్నాడంటమ్మా. పక్క పొలం వాళ్లు పిలిస్తే పలకలేదంట" అంది. రూపనగుడి బస్సెక్కాక కూడా నాకు ఏడుపు రాలేదు. దారి పొడవునా వరి పచ్చగా ఉంటే, అది చూసి భయమేసింది.

మా తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలాలు కొని, క్యాంపు అని పిలిచే కొత్త ఊరు కట్టుకున్నారు. నీళ్లున్నాయి కదా అని రెండు పంటలూ వరే వేశారు. నేల ఊటెక్కి, ఉప్పు పైకి తేలి, నా చిన్నప్పటికే మా క్యాంపులో సగం పొలాలు చౌడుబారాయి. ప్రభుత్వం నేలలు బాగుచేసే పథకం తెస్తే, పొలం తవ్వనివ్వడానికి మామయ్య ఒక్కడే ఒప్పుకున్నాడు. నేల కింద చిల్లుల గొట్టాలు పరిచారు. ఉప్పునీళ్లు వాటిలోకి దిగి, మురుగు కాలువలో పడి వంకకు పోవాలి. కొన్నేళ్లకు నేల తేరుకుంది. మామయ్య చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, "చప్పగా ఉందే, నువ్వూ చూడు" అని నాకూ పెట్టాడు.

ఆ తర్వాత క్యాంపంతా గొట్టాలు వేయించుకుంది. మళ్లీ రెండు పంటలూ వరే. మురుగు కాలువ పని మాత్రం వంక దాకా రాకుండా, కింది పొలాల దగ్గరే ఆగింది. తర్వాతి విడతలో తవ్వుతామన్నారు.

ఒక వానాకాలం వెళ్లాక కింది పొలం రైతు మా గుమ్మంలోకి వచ్చాడు. జొన్న వేసుకునే మనిషి, మామయ్యకు పాత స్నేహితుడు.

"మీ ఉప్పంతా మా సేన్లోకే వస్తాండాదప్పా. జొన్న మొలిసి మాడిపాయ. యాడ జెప్పుకోవల్ల?"

గొంతు పెంచలేదు. మామయ్య వెంట వెళ్లి చూసొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తన గొట్టం మూతికి గోనెలు కుక్కి సిమెంటు వేశాడు.

"మనమొక్కళ్లం మూస్తే ఆగుతుందా?" అంది అత్తయ్య.

"మనదైనా ఆగుతుంది."

మురుగు కాలువ తవ్వేదాకా ఒక పంట వరి మానమని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఈ ఏడు కానీయండి, చూద్దాం అన్నారు. పథకం ఆఫీసుకీ తిరిగాడు. అక్కడ గోడ మీద ఆయన పొలం ఫొటోయే ఉంది, పచ్చగా. అసలు పొలం మళ్లీ తెల్లబడింది. మామయ్య ఎవరినీ తిట్టలేదు. "నేల ఏం చెప్పినా ఆలస్యంగానే చెబుతుందమ్మా" అనేవాడు, పక్కవాళ్ల వరి వైపు చూస్తూ.

వంక ఒడ్డున దహనం చేశాం. కింది పొలం రైతు చివరిదాకా నిలబడి, "మురుగు కాలవ నిండి మీ మళ్లలోకే ఎనక్కి తంతాండాది. ఇంగ మీ వోళ్లకు జెప్పేవోడు గూడా లేడు" అన్నాడు. క్యాంపు మగవాళ్లు కండువాలు దులుపుకుని బయల్దేరారు.

తిరిగి వచ్చేటప్పుడు అడ్డదారిన వాళ్ల వరిమళ్లలోంచే నడిచాం. పైరు మోకాలెత్తున ఏపుగా ఉంది. ఇంటి ముందు తొట్టి దగ్గర కాళ్లు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డాం. ఎండకు మడినీళ్ల తడి ఆరుతుంటే, ఒక్కొక్కరి పాదాల మీదా సన్నగా తెల్లటి పొర తేలింది.