లాగ్‌బుక్కుకి ఆయుధపూజ

మొన్న ఆయుధపూజ నాడు నేను చేసిన ఘనకార్యం వినండప్పా. ముప్పై ఏళ్ళుగా తిరుమల ఘాట్‌రోడ్డులో బస్సు తోలుతున్న మనిషిని, ఇంట్లో కూర్చుని విమానానికి యాక్సిడెంట్ చేశాను.

మా అమ్మాయి హారిక పైలట్ ట్రైనింగ్ ముగించుకుని పండక్కి తిరుపతి వచ్చింది. లైసెన్సు కావాలంటే రెండు వందల గంటలు విమానం నడిపి ఉండాలంట. మా పిల్లకి రెండు వందల మూడు. నడిపిన ప్రతి గంటా ఒక లావుపాటి పుస్తకంలో రాసుకుంటే, నేర్పించే సారు సంతకం పెడతాడు. దాన్ని లాగ్‌బుక్ అంటారు. పండగ కాగానే అది స్కాన్ చేసి లైసెన్సుకి పంపాలి.

"రెండు వందల గంటలకే జనాన్ని ఎక్కిస్తారా? మా డిపోలో అయితే నీకు ఘాట్ డ్యూటీ కూడా ఇయ్యరు" అన్నాను.

"పెద్ద విమానం మీద మళ్ళా ట్రైనింగ్ ఉంటాది నాయనా. ఆ పైన పక్కన కెప్టెన్ కూర్చుంటాడు. నేను కెప్టెన్ కావాలంటే పదిహేను వందల గంటలు కావల్ల."

అప్పుడు నా మనసు కాస్త కుదుటపడింది.

పూజ నాడు పొద్దున్నే స్కూటరుకి బొట్లు పెట్టాను, మా ఆవిడ కుట్టుమిషనుకి పెట్టాను. బిడ్డ పనిముట్టు ఏదని చూస్తే విమానం యాడో ఉంది, ఇంట్లో ఉన్నది ఈ పుస్తకమే. అట్టకి బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. గంటలు రాసిన చోటే పెడితే ఫలం నేరుగా తగులుతుందని నా తెలివి. చివరి పేజీ తెరిచి, నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, రెండు చెక్కలూ దాని మీద బోర్లించి దండం పెట్టుకున్నాను.

కాసేపటికి హారిక వచ్చి ఒక చెక్క ఎత్తింది. రసం కారి ఇంకు అంతా ఎర్రగా అలుక్కుపోయి ఉంది. సారు సంతకం కూడా పోయింది.

"ఏం చేసినావు నాయనా? ఈ పేజీలో ఎనిమిది గంటలు ఉండాయి. ఇవి కనబడకుంటే నావి నూట తొంభై ఐదే."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు. మా ఆవిడ మాత్రం నన్ను చూసి, "బస్సు చక్రం కింద పెట్టే నిమ్మకాయ పుస్తకంలో పెట్టినావే, నీకేమైనా మతి ఉండాదా?" అంది.

హారిక సారుకి ఫోన్ చేసింది. దేవుడి దయ, ఆ గంటలు వాళ్ళ స్కూలు రిజిస్టరులో కూడా ఉన్నాయట. చూసి మళ్ళీ రాయించి సంతకం పెడతానన్నాడు. కాకపోతే పేజీ ఎలా పాడైందో, పాడు చేసినవాళ్ళే కారణం రాసి సంతకంతో పంపాలన్నాడు.

కాగితం తీసుకుని కూర్చున్నాను. మా డిపోలో ఏ బస్సు దేన్ని గుద్దినా రిపోర్టులో కారణం అన్నచోట ఒకే మాట రాస్తారు. ముప్పై ఏళ్ళలో నా పేరు పక్కన ఒక్కసారీ పడని మాట అది. నా చేత్తో నేనే రాసి సంతకం పెట్టాను: "డ్రైవర్ నిర్లక్ష్యం."