మూడుసార్లు వదిలిన లోలకం

స్పిరిట్ వాసన వస్తే అందరికీ ఆస్పత్రి గుర్తుకొస్తుందేమో గానీ నాకు మాత్రం ఎస్తేరమ్మ టీచర్ గుర్తుకొస్తారు. ఇవాళ పొద్దున హన్మకొండలోని మా ఆఫీసులో, కొత్తగా చేరిన అమ్మాయి బడికి తీసుకెళ్లాల్సిన టాబ్లెట్లను దూదితో తుడుస్తుంటే ఆ వాసన గదంతా పట్టింది. "నిన్ననే తుడిచినం కద మేడం, మళ్ల ఎందుకు?" అని విసుక్కుంది. పిల్లల చేతికిచ్చే రోజున మళ్లీ తుడవాలన్నది టీచర్ పెట్టిన అలవాటని చెప్పాను. "ఏ టీచర్?" అంది. టీచర్ పోయి రెండేళ్లయింది, పాపం ఆ పిల్లకెలా తెలుస్తుంది! చెబుదామని మొదలుపెట్టి, నోటిమాటతో తేలేట్టు లేదని ఇలా రాస్తూ కూర్చున్నాను.

మా పని బడిపిల్లలకు టాబ్లెట్ మీద సైన్స్ పరీక్షలు తయారుచేయడం. జవాబు రాయడం కాదు, పిల్లలు తెర మీదే ప్రయోగం చేయాలి. వాళ్లు ఏది ఎప్పుడు నొక్కారో కంప్యూటర్ రాసుకుంటుంది, దాన్ని బట్టి మార్కులు వేస్తుంది. ఆ బొమ్మలు కదిలించడం, మార్కుల నియమాలు రాయడం నా వంతు. ప్రశ్నలు సరిచూడటం ఎస్తేరమ్మ టీచర్ వంతు. సర్కారు బళ్లలో ఏళ్లతరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మా ఆఫీసుకు వచ్చేవారు. నేనప్పుడు ఇంజినీరింగ్ పూర్తిచేసి ఏడాది కాలేదు, కళ్లు నెత్తి మీద ఉండేవి. ఈ పెద్దావిడకు మౌస్ పట్టుకోవడం రాదు, నా పని ఈమె చూసేదేమిటి అనుకునేదాన్ని.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ ప్రశ్నైనా బయటికి వెళ్లేముందు ఒక పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పిల్ల ఏమనుకుంటున్నదో పైకి చెబుతూ చేయాలి, మనం నోరు మూసుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మొదటిసారి నన్ను కాశిబుగ్గలో ఒక బడికి తీసుకెళ్లారు. తెర మీద వేడినీళ్ల గ్లాసు, అందులో థర్మామీటర్. ఒక పిల్లవాడు టాబ్లెట్‌ను బల్ల మీంచి రెండు చేతులతో ఎత్తి, కళ్లకు సరిగ్గా ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. టీచర్ నా మోచేయి గిల్లారు.

బయటికొచ్చాక, "ఎందుకు నవ్వినవ్ బిడ్డా?" అని అడిగారు.

"బొమ్మను గట్ల ఎత్తి చూస్తాండు కద టీచర్!"

"థర్మామీటర్ కంటికి సమానంగ పట్టి చూడాల్నని వాళ్ల సార్ చెప్పిండు. వాడు సైన్స్ చేస్తాండు. నువ్వేమో టాబ్లెట్ చూస్తానవ్."

గిల్లినచోటు కంటే ఆ మాట ఎక్కువసేపు మండింది. అయినా బుద్ధి రాలేదు.

తర్వాతి ఏడాది లోలకం ప్రశ్న చేశాను. తెర మీద దారానికి వేలాడే గుండు. దారం పొడవు మార్చి, 'వదులు' అనే బటన్ నొక్కితే పది ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూపిస్తుంది. పొడవు పెరిగితే సమయం ఏమవుతుందో పిల్లలు తేల్చాలి. నిజం ప్రయోగంలా ఉండాలని, ఒకే పొడవుకు కూడా ప్రతిసారీ అంకె కొద్దిగా తేడా వచ్చేట్టు చేశాను. ఆ ముచ్చట చూసుకుని నేనే మురిసిపోయాను. ఇక మార్కుల నియమం: తక్కువ ప్రయత్నాల్లో తేల్చినవాళ్లకు ఎక్కువ మార్కులు, ఒకే పొడవు మళ్లీ మళ్లీ నొక్కితే కోత. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నొక్కేవాళ్లను పట్టుకోవడానికని నా అతి తెలివి. అప్పుడే టీచర్‌కు కంటి ఆపరేషన్ అయింది. "నేను లేనని ఆగకు, నువ్వే ఒక పిల్ల పక్కన కూసో" అని దవాఖాన నుంచి ఫోన్ చేసి మరీ చెప్పారు. సరే సరే అన్నాను. కూర్చోలేదు. టైం లేదని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నిజానికి అక్కర్లేదనుకున్నాను.

పరీక్ష అయిపోయింది, ఫలితాలు బళ్లకు వెళ్లిపోయాయి. నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చిన టీచర్, పిల్లలు నొక్కిన వరుసలన్నీ పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకున్నారు. స్కేలు ఒక్కో వరుస కింద పెట్టి చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

"ఈ పిల్ల ఎవరు?"

పాలకుర్తి దగ్గర ఒక ఊరి బడిలో ఎనిమిదో తరగతి, పేరు మౌనిక. యాభై సెంటీమీటర్లు మూడుసార్లు, డెబ్బై మూడుసార్లు, తొంభై మూడుసార్లు. జవాబు సరైనదే. ప్రయోగ నైపుణ్యం దగ్గర మాత్రం 'బలహీనం' అని మా రిపోర్టు.

"గెస్ కొట్టింది టీచర్. ఊకె నొక్కింది."

"గెస్ కొట్టేటోళ్లు గింత వరుసగ నొక్కుతరా? అంకె తేడా వస్తాందని మూడుసార్లు తీసుకుంది బిడ్డా. సగటు కోసం. ఆ తేడా పెట్టింది నువ్వే, అది చూసినందుకు మార్కులు కోసింది కూడ నువ్వే."

తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే నియమం మార్చి, కొత్త రిపోర్టు బడికి మెయిల్ చేసి, అయిపోయిందని చెప్పాను. టీచర్ కదల్లేదు. "మెయిల్ హెడ్మాస్టర్‌కు పోతది. పిల్లకు ఎవరు చెప్తరు?" అన్నారు. మర్నాడు ఇద్దరం పాలకుర్తి బస్సెక్కాం. ఎండలో పోవద్దని డాక్టర్ చెప్పిన మనిషి, నా తప్పు కోసం కళ్ల మీద కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. దారంతా నాకు ఏడుపొకటే తక్కువ.

మౌనిక బక్కపల్చటి పిల్ల. జిల్లా సైన్స్ ప్రదర్శనకు ఆ బడి నుంచి ఇద్దరిని పంపాలి. ఆమె పేరే ముందుండేదట, మా రిపోర్టు చూశాక తీసేశారట. వాళ్ల సైన్స్ సారు మంచివాడే, విషయం తెలియగానే పేరు మళ్లీ రాసేశాడు. అక్కడితో గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకైనా మంచిదని టాబ్లెట్ ఇచ్చి, ఇంకోసారి చెయ్యమన్నాను. పిల్ల ఒక్కో పొడవు ఒక్కసారే నొక్కి, చకచకా జవాబు పెట్టి నా చేతికిచ్చేసింది.

"మూడుసార్లు చెయ్యవా?" అన్నాను.

"ఒక్కసారే చెయ్యాలె మేడం. ఎక్కువసార్లు చేస్తే తెలివి లేనట్టు."

"ఎవరు చెప్పారమ్మా?"

"మీ కంప్యూటరే."

టీచర్ నా వైపు చూడను కూడా చూడలేదు. "పో, క్లాసుల నిలబడి చెప్పు" అన్నారంతే. ముప్పై మంది పిల్లల ముందు నిలబడి, మౌనిక చేసిందే సరైనదనీ, తప్పు నాదనీ చెప్పాను. పిల్లలు గుసగుసలాడారు, ఎవరో కిసుక్కున నవ్వారు. కంప్యూటర్ కూడా తప్పు చేస్తుందా అని ఒకడు అడిగాడు. "కంప్యూటర్‌ది కాదు, నాది" అన్నాను.

టీచర్ అప్పటికే వరండాలో ఒక రాయికి దారం కట్టి కిటికీ ఊచకు వేలాడదీశారు. నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మౌనికకు ఇచ్చారు. పిల్ల రాయి వదిలింది, పది లెక్కపెట్టింది, అరచేతిలో పెన్నుతో అంకె రాసుకుంది. తర్వాత రాయిని మళ్లీ పట్టుకుని ఆగింది. తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"ఇంకోసారి చేస్తే కట్ చెయ్యరు కద మేడం?"

"చెయ్యనమ్మా. ఒట్టు" అన్నాను. అప్పుడు వదిలింది. మూడోసారికి ముందు కూడా ఒకసారి నా వైపు చూసింది.

తిరుగు బస్సులో టీచర్ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది. తర్వాత ఆమె దగ్గర ఎన్నో ఏళ్లు పనిచేశాను, ఎన్నో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ పిల్ల పక్కనా కూర్చోకుండా ఒక్క నియమం కూడా బయటికి పంపను, కొత్తవాళ్లు చాదస్తమని నవ్వుకున్నా సరే. పక్కన కూర్చున్నప్పుడు నోట్‌బుక్‌లో అన్నిటికంటే ముందు ఒకటే రాసుకుంటాను: పిల్ల ప్రయోగాన్ని చూస్తున్నదా, నన్ను చూస్తున్నదా అని.