లోపల వదిలిన గుడ్డ

మా పెదనాన్న దర్జీ. ఎదురుపడ్డ మనిషిని పలకరించే లోపే చూపుతో కొలిచేసేవాడు. అలాంటివాడు ఒకరోజు పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి నలభయ్యేళ్ళ నాటి కారొకటి లారీ మీద తెచ్చి పెరట్లో దించాడు. చక్రాలు లేవు, సీట్లు లేవు. ఈయనకి మతి పోయిందనుకున్నాం.

కారణం మా పెద్దమ్మ. ఆవిడకి వెన్నెముక జబ్బు. చెల్లెలి ఇంటికి ఒక్కసారి వెళ్ళి రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. డాక్టరు బస్సు వద్దన్నాడు. అద్దె కారు ఎక్కిస్తే వీధి చివరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీ వీపుకి సరిపోయే సీటు నేను కుడతాను. కారుదేముంది, దాని చుట్టూ అదే వస్తుంది," అన్నాడు పెదనాన్న.

ఆ కారు అలా రావడానికి రెండేళ్ళు పట్టింది. పగలంతా కొట్లో మిషను తొక్కి, సాయంత్రం పెరట్లో తుప్పు గీకేవాడు. సొట్టలు చెక్కసుత్తితో తనే సరిచేశాడు. రంగు కుంచెతోనే వేశాడు. తెలిసిన మెకానిక్కు ఆదివారాలు వచ్చి ఇంజను బాగుచేస్తే, కూలికి బదులు అతని పిల్లలకి బట్టలు కుట్టాడు. భోజనం దగ్గర కూడా కారు కబుర్లే. పెద్దమ్మ ఊఁ కొడుతూ వడ్డించేది. ఆవిడ తిన్నదో లేదో ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాదీను.

చివరికి సీటు. పాత సోఫా స్పాంజిని పెద్దమ్మ వీపూ నడుమూ ఒదిగేలా గుంటగా కోశాడు. ప్యాంట్లు కుట్టగా మిగిలిన ముక్కలు కలిపి తొడుగు కుట్టాడు.

"కొలతలు తీసుకోవా పెదనాన్నా?" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళుగా దాని జాకెట్లు కుడుతున్నాను. నాకు కొలతలు నేర్పుతావురా?" అని కసిరాడు.

ఈ రెండేళ్ళలో ఆవిడ ఒక్క కొత్త జాకెట్టూ అడగలేదని మా ఇద్దరికీ తట్టలేదు.

బయల్దేరే రోజు ఉదయం ఆవిడని కారులో కూర్చోబెట్టాం. సీట్లో మునిగిపోయింది. నడుముకి అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందు. వీపు సీటుకి ఆనకపోయేసరికి పక్కకి ఒరిగిపోతూనే, "బాగుంది, మెత్తగా ఉంది," అంది.

పెదనాన్న ఆ సందులో చెయ్యి పెట్టి చూశాడు. మెడలోని టేపు తీసి, పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ నడుముకి చుట్టాడు. అంకె చూసి, టేపు సరిచేసి మళ్ళీ చూశాడు.

"ఇంత చిక్కిపోయావా! నాకు చెప్పొద్దూ?"

"ఎప్పుడూ కారు కిందే ఉండే మనిషికి ఏం చెప్పను?" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

వాకిట్లోనే కూర్చుని సీటు కుట్లన్నీ విప్పి, గుంట చుట్టూ ఇంకాస్త స్పాంజి నింపాడు. ఎక్కువైన గుడ్డ కత్తిరించబోతుంటే పెద్దమ్మ ఆపింది. దర్జీ పెళ్ళాం కదా.

"కత్తిరించెయ్యకండి. లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదలండి. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు."

ఆయన జానెడు వదిలాడు.

మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్ళారు. దారి పొడుగునా నొప్పి అనలేదట. తిరిగొచ్చిన నెలకి పెద్దమ్మ పోయింది.

ఇప్పుడు ఆయనతో వెళ్ళినప్పుడల్లా ఆ సీట్లో నేనే కూర్చుంటున్నాను. ఇరుకు. ఒకసారి ఉండబట్టలేక, "లోపల గుడ్డ ఉందిగా, కాస్త విప్పి వదులు చెయ్యి పెదనాన్నా," అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అది మీ పెద్దమ్మదిరా," అన్నాడు.