ముఖం తిప్పుకున్న గొంతు

సంతకం అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు గుంటూరు యార్డులో మిర్చి అమ్మినవాణ్ణి. తియ్యగా మాట్లాడేవాడు కనిపిస్తే ముందు జేబు తడుముకుంటాను.

వచ్చినాయన పాత గ్రామఫోను రికార్డులు సేకరిస్తాడట. తెల్లదొరల కాలంలో మా ఊరి ఆడమనిషెవరో పాడిన దంపుడు పాట దొరికిందట. రికార్డు మీద ఊరి పేరే ఉందట, మనిషి పేరు లేదట. వాకబు చేస్తే, అప్పట్లో అంత బాగా పాడింది మా అమ్మమ్మేనన్నారట. "ఇది మా అమ్మ గొంతే" అని అమ్మ ఒక కాగితం మీద సంతకం పెడితే, ఆ పాట నలుగురికీ వినిపిస్తాడట. అన్నీ 'అట'లే!

అమ్మ అప్పటికే కళ్లజోడు తుడుచుకుంటోంది. ఆవిడ పుట్టిన పదో రోజునే అమ్మమ్మ పోయింది. ఫొటో కూడా లేదు. ఎనభై దాటిన మనిషికి కన్నతల్లి గొంతని ఆశపెట్టి, తీరా కాదని తేలితే? ఆ భయంతోనే కాపలా కుక్కలా పక్కన కూర్చున్నాను.

ఆయన ఫోనులో పాట పెట్టాడు. గరగరలోంచి ఒక ఆడగొంతు. ప్రతి దరువుకీ దూరమవుతోంది, మళ్లీ దగ్గరవుతోంది.

"ఏమండీ, రోకలి చప్పుడు లేని దంపుడు పాటేంటండీ? గొంతు అట్లా ఊగుతుందేం? కంప్యూటర్లో చేశారా?" అని నిలదీశాను.

"రికార్డు చేసేచోటికి రోలు తేనివ్వలేదేమోనండీ," అని నసిగాడు. "గొంతు సంగతి నాకూ అర్థం కాలేదు."

"నీ మొహం, ఊరుకోరా!" అంది అమ్మ నాతో. "కారం దంచేవాళ్లు పోటు పడగానే ముఖం పక్కకి తిప్పుకోరూ? ఘాటు కళ్లల్లో పడదూ? ముందు రోలు లేకపోయినా అలవాటు పోలేదు, పిచ్చితల్లికి!"

మళ్లీ పెట్టించాను. ఈసారి గొంతు దూరమైనప్పుడల్లా అమ్మ ముఖమూ పక్కకి తిరుగుతోంది.

ఇంకేం, నేనే జేబులోంచి పెన్ను తీసిచ్చాను. అమ్మ అందుకోలేదు.

"అమ్మమ్మే అనిపిస్తోందిగా?" అన్నాను.

"అనిపిస్తోందిరా. అందుకే భయం. ఆ రోజుల్లో ఊళ్లో కారం దంచని ఆడది ఎవరు? తీరా ఇంకెవరమ్మో అయితే? వాళ్లమ్మను నేను లాగేసుకున్నట్టు కాదూ?"

ఆయన కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాడు. పాటను నా ఫోనులోకి పంపి వెళ్లిపోయాడు.

గేటు వేసి వచ్చేసరికి అమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"పెట్టరా మళ్లీ. ఎవరమ్మయినా, వింటే తప్పులేదుగా?"